కొనాల్సింది లభ్యత

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలం చెల్పూర్‌లోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీపీ) సామర్థ్యం 1,100 మెగావాట్లు. 500 మెగావాట్ల మొదటి దశ 2010లో, 600 మెగావాట్ల రెండో దశ 2016లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. కొంత బొగ్గు పక్కనున్న సింగరేణి భూపాలపల్లి గనులది, బాయిలర్లు, టర్బైన్లు భెల్ తయారీ, నిర్వహణ తెలంగాణ జెన్‌కోది. మొదటి దశ ఒక్క రోజు ఆగితే పూర్తి సామర్థ్యం లెక్కన 1.2 కోట్ల యూనిట్ల కరెంటు పోయినట్టే. ఆ నష్టం జెన్‌కోది, చివరకు వినియోగదారుడిది. వారంటీ గడువు తీరిపోయిన యంత్రం చెడితే దాన్ని తయారుచేసిన వారికి పోయేదేమీ లేదు, పైగా విడిభాగాల ఆర్డరు వస్తుంది. యంత్రం ఎంత తరచుగా చెడితే తయారీదారుకు అంత వ్యాపారం. ఏ కంపెనీ దురుద్దేశంతోనో ఇలా జరగడం లేదు, బేరం తీరే అలాంటిది. యంత్రాలకు సెన్సర్లు బిగించి నెట్‌వర్క్‌తో కలిపే పారిశ్రామిక సాంకేతికత ఈ బేరాన్ని తిరగరాసే వీలు కల్పిస్తోంది.

థర్మల్ కేంద్రాలు ఉన్నట్టుండి ఆగిపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా వినిపించే కారణం బాయిలర్ ట్యూబ్ లీకేజీ. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ బూడిద రాపిడికి ట్యూబు గోడ ఏళ్ల తరబడి పలచబడుతూ వచ్చి, ఒకనాడు సూదిబెజ్జమంత రంధ్రం పడుతుంది. అందులోంచి దూసుకొచ్చే ఆవిరి పక్క ట్యూబును కోస్తుంది, అది ఆ పక్కదాన్ని. బాయిలర్‌కు అదనంగా పట్టే శుద్ధిచేసిన నీరు పెరగడం మామూలుగా కనిపించే మొదటి ఆనవాలు. ఫర్నేస్ గోడలకు అమర్చిన ధ్వని సెన్సర్లు ఆవిరి చప్పుడును అంతకంటే ముందే పట్టుకోగలవు. లీకు ఖాయమయ్యాక యూనిట్‌ను ఆపాలి, బాయిలర్ చల్లారాలి, లోపల మంచెలు కట్టాలి, చెడిన ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి, నీటి ఒత్తిడితో పరీక్షించి మళ్లీ వెలిగించాలి. మామూలుగా ఇది రెండు మూడు రోజుల పని. లీకును మొదట్లోనే పట్టుకుంటే ఒకటి రెండు ట్యూబులతో పోతుంది. కరెంటు గిరాకీ తక్కువున్న వేళ చూసి యూనిట్‌ను ఆపుకోవచ్చు.

పెద్ద విద్యుత్ కేంద్రాల కంట్రోల్ రూముల్లో ఉష్ణోగ్రత, పీడనం, బేరింగుల కంపనం వంటి వివరాలు ఇప్పటికే వేల సంఖ్యలో క్షణక్షణం నమోదవుతున్నాయి. కొరత వివరాలకు కాదు, వాటిని చదివి ముందుగా హెచ్చరించే బాధ్యత ఎవరిదో, ఆ పనికి డబ్బు ఏ లెక్కన చెల్లించాలో తేల్చే ఒప్పందానికి.

తయారీదారు ముందు మూడు దారులున్నాయి. సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ అమ్మి చేతులు దులుపుకోవడం మొదటిది. ఏటా రుసుము తీసుకుని దూరం నుంచి యంత్రాన్ని కనిపెట్టి ఉండటం రెండోది. యంత్రం పనిచేసిన మేరకే డబ్బు తీసుకోవడం మూడోది. అసలు మార్పు ఇందులోనే ఉంది. ఈ ఆలోచన ఇంటర్నెట్ కంటే పాతది. బ్రిటన్‌లో బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ 1962లోనే వైపర్ విమాన ఇంజిన్ల నిర్వహణకు ఎగిరిన గంటల లెక్కన రుసుము తీసుకుంది. తర్వాత రోల్స్ రాయిస్ దీన్ని పెద్ద వ్యాపారంగా మలిచింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఎలక్ట్రిక్ బస్సు. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా తయారుచేసిన బస్సులను దాని అనుబంధ సంస్థ ఆర్టీసీకి కిలోమీటరు లెక్కన నడుపుతోంది. 2019 నుంచి హైదరాబాద్ విమానాశ్రయ మార్గాల్లో, 2022 నుంచి తిరుమల ఘాట్ రోడ్డులో ఈ బస్సులు తిరుగుతున్నాయి. కండక్టరు, టికెట్ డబ్బు ఆర్టీసీవి. డ్రైవరు, మరమ్మతులు, బ్యాటరీ ఎదుటివారివి. బస్సు డిపోలో నిలబడిపోతే బిల్లు కూడా నిలబడిపోతుంది. బ్యాటరీ ఆరోగ్యం మీద కన్నేసి ఉంచాల్సిన అవసరం అప్పుడు తయారీదారుకే పుడుతుంది.

విద్యుత్ కేంద్రానికి ఇదే పద్ధతిని యూనిట్ల లెక్కన అతికిస్తే బెడిసికొడుతుంది. వాడకాన్ని బట్టి వచ్చే రుసుములో ఉన్న ముప్పు ముందే తెలిసొచ్చింది: 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఎగరకపోవడంతో గంటల రుసుము మీద ఆధారపడిన రోల్స్ రాయిస్ ఆదాయానికి పెద్ద దెబ్బ తగిలింది. అలాగే చెల్పూర్ లాంటి కేంద్రాలు ఎంత ఉత్పత్తి చేయాలన్నది తయారీదారు చేతుల్లో ఉండదు. పగటిపూట సౌర విద్యుత్ వెల్లువెత్తితే థర్మల్ కేంద్రాలు లోడు తగ్గించుకోవాలి. లోడును 40 శాతానికి దించగలిగేలా సిద్ధం కావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధనలు తెచ్చింది. అలా దించుతూ ఎక్కిస్తూ ఉంటే లోహం వేడెక్కి చల్లారి ట్యూబులు మరింత త్వరగా అలిసిపోతాయి. నిఘా అవసరం పెరుగుతుంది, అమ్ముడయ్యే యూనిట్లు తగ్గుతాయి.

దీనికి విరుగుడు విద్యుత్ టారిఫ్‌లోనే ఉంది. జెన్‌కోకు వచ్చే డబ్బులో రెండు భాగాలు. బొగ్గు ఖర్చు ఉత్పత్తిని బట్టి వస్తుంది. స్థిర చార్జీలు మాత్రం అడిగినప్పుడు కరెంటు ఇవ్వడానికి కేంద్రం సిద్ధంగా ఉన్న రోజులను, అంటే లభ్యతను బట్టి వస్తాయి. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సాధారణ కొలమానం 85 శాతం, అంటే ఏడాదిలో ఆగడానికి దాదాపు 55 రోజుల వెసులుబాటు. ఓవర్‌హాల్ అయినా, ట్యూబ్ లీకేజీ అయినా అందులోనే సర్దుకోవాలి. జెన్‌కో ఏ కొలమానంతో డబ్బు పొందుతోందో, యంత్ర నిర్వహణ ఒప్పందానికీ అదే కొలమానం పెట్టడం న్యాయం. లభ్యత పెరిగితే తయారీదారుకు వాటా, యంత్ర లోపంతో తగ్గితే కోత. నాసి బొగ్గు వల్ల వచ్చే నష్టాన్ని మాత్రం తయారీదారు నెత్తిన రుద్దకూడదు. ఆ తేడాను రుజువు చేసేది సెన్సర్ల రికార్డే.

రికార్డు ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఈ వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మెలిక. వివరాలన్నీ తయారీదారు సర్వర్‌లో, అతనికే అర్థమయ్యే రూపంలో పేరుకుపోతే పదేళ్ల తర్వాత మరొకరికి పని అప్పగించడం అసాధ్యమవుతుంది. అప్పుడు అతను చెప్పిందే ధర. సాఫ్ట్‌వేర్ వేదికల ఆయుష్షుకూ భరోసా లేదు. 2020 నాటికి ప్రపంచంలోని పది అగ్రశ్రేణి సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఒకటవుతానని జీఈ కంపెనీ ప్రీడిక్స్ వేదికను ముందుకు తెచ్చింది. ఆ లక్ష్యం నెరవేరలేదు, కంపెనీయే 2024 నాటికి మూడు ముక్కలైంది. టర్బైన్ పాతికేళ్లు తిరగాలి, దాని మీది సాఫ్ట్‌వేర్ ఐదేళ్లకే అనాథ కావచ్చు. ప్లాంటు నియంత్రణ వ్యవస్థను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలన్న 2021 నాటి సైబర్ భద్రతా మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. కాబట్టి వివరాలు బయటికి వెళ్లవచ్చు గానీ బయటి నుంచి ఆదేశాలు లోపలికి రాకూడదు.

చిన్న పరిశ్రమల సంగతి వేరు. బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్లలో వాల్వులు, పంపుల భాగాలు చేసే యూనిట్ సరుకు ఇచ్చి బిల్లు కోసం ఎదురుచూస్తేనే నలిగిపోతుంది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతున్నా బకాయిల మొర ఆగలేదు. అలాంటి యూనిట్‌ను యంత్రం ముందే ఇచ్చి డబ్బు ఏళ్ల తరబడి వసూలు చేసుకొమ్మంటే కుదిరే పని కాదు. మధ్యలో బ్యాంకు పెట్టుబడి పెట్టాలి, లేదా పెద్ద తయారీదారే ఆ భారం మోయాలి.

ప్రభుత్వ రంగ కొనుగోళ్లలో తక్కువ ధర కోట్ చేసినవారికే పని దక్కే పద్ధతి ఉన్నంతకాలం లభ్యత ఒప్పందం కాగితం దాటదు. టెండరులో యంత్రం ధరతో పాటు జీవితకాల ఖర్చును, ఆగిన రోజుల నష్టాన్ని కూడా లెక్కగట్టాలి. చెల్పూర్ మొదటి దశ తన పాతికేళ్ల ఆయుష్షులో సగానికి పైగా ఇప్పటికే పూర్తిచేసింది. ఇకముందు దాని మీద పెట్టే ఖర్చులో పెద్ద వాటా మరమ్మతులదే. రాబోయే ఓవర్‌హాల్ టెండరులోనే లభ్యతకు ముడిపెట్టిన చెల్లింపు, వివరాలపై జెన్‌కో యాజమాన్యం, ఒప్పందం ముగిసిన నాడు రికార్డునంతా ఎవరైనా చదవగలిగే రూపంలో అప్పగించడం అనే మూడు షరతులను జెన్‌కో చేర్చాలి.