'మనం' వెనక దాక్కున్నదెవరు?

2024 సెప్టెంబరులో బెజవాడ మునిగాక తెలుగులో వచ్చిన కవితలూ వ్యాసాలూ చాలానే చదివాను. రాసినవాళ్లు వేరు, శైలి వేరు. తేల్చింది మాత్రం దాదాపు అందరూ ఒకటే. ఏటిని మనం మింగాం, ఏరు మనల్ని మింగింది. మనిషి అత్యాశ. మనందరి స్వార్థం. ఇకనైనా మనం మారాలి.

వినడానికి బానే ఉంటుంది. చదివినవాడు తలూపుతాడు, షేర్ చేస్తాడు, పడుకుంటాడు. నా అభ్యంతరం ఆ రాతల్లో పదేపదే వచ్చే ఒక్క మాట మీద: 'మనం'.

ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. ఇంగ్లీషువాడు రెంటికీ ఒకే మాటతో సరిపెట్టుకుంటాడు. తెలుగులో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది సర్వనామం దగ్గరే తేలిపోతుంది. ఇంత పదునైన భాషలో రాస్తూ, వాంబే కాలనీలో డాబా ఎక్కి పాలప్యాకెట్ కోసం ఎదురుచూసిన మనిషినీ, ఏటి పక్క పొలాన్ని ప్లాట్లు కోసి అమ్మేసి వెళ్లిపోయిన మనిషినీ ఒకే 'మనం'లో కూర్చోబెడితే దాన్ని కవిత్వం అనలేను. లెక్క ఎగ్గొట్టడం అంటాను.

ఆ లెక్కేంటో ఒకసారి చూద్దాం.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఏరు. వరదొస్తే దాని నీటిని వెలగలేరు దగ్గర డైవర్షన్ కాలువలోకి మళ్లించి కృష్ణలోకి పంపాలన్నది ఏర్పాటు. 2024 ఆగస్టు ఆఖర్న మొదలైన వానలకి ఆ కాలువకి కవులూరు దగ్గర గండ్లు పడ్డాయి. అటు కృష్ణ కూడా పోటు మీదే ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆఖరికి సైన్యం సాయం తీసుకుని గండ్లు పూడ్చారు.

వాంబే అంటే వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన. మురికివాడల్లోని పేదల ఇళ్ల కోసం కేంద్రం 2001లో మొదలుపెట్టిన పథకం. కాలనీ పేరే ఆ పథకం పేరు. అంటే ఆ పేదవాణ్ణి ఏటి దారిలో కూర్చోబెట్టింది వాడి అత్యాశ కాదు, సర్కారు వారి దయ.

మిగతా కాలనీల్లో వంద గజాలు, యాభై గజాలు కొనుక్కున్నవాళ్ల సంగతి? వాళ్లకి స్వార్థం లేదని అనను. ఊళ్లో ధర అందక అక్కడ కొన్నారు. కానీ బుడమేరు 2005లోనూ బెజవాడని ముంచింది. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అధికారుల దగ్గర అప్పటికే గుర్తులున్నాయి. ఆ తర్వాత కూడా రిజిస్ట్రేషన్లు జరిగాయి, స్టాంపు డ్యూటీ కట్టించుకున్నారు, ఇంటి పన్ను వేశారు, కరెంటు మీటరు బిగించారు. ఇన్ని ముద్రలు పడ్డ కాగితం చేతిలో పెట్టుకున్నవాడికి 'నీ స్వార్థం వల్లే మునిగావు' అని ఏ ముఖంతో చెప్తాం?

వరద తగ్గాక ప్రభుత్వం, కింద అంతస్తు మునిగిన కుటుంబానికి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 రూపాయలు ప్రకటించింది. ఇవ్వాల్సిందే, అది చాలదు కూడా. కానీ ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో గమనించండి. ఏటి గట్టున లేఅవుట్ వేసి సంపాదించినవాడి జేబులోంచి రాలేదు. ఖజానాలోంచి వచ్చింది. అసలైన 'మనం' ఎక్కడైనా ఉందంటే అక్కడుంది, కట్టాల్సి వచ్చిన చోట. లాభం తీసుకునేటప్పుడు ఆ 'మనం' ఊసే లేదు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. మా పనిలో సిస్టమ్ కూలిపోతే తర్వాత ఒక రిపోర్టు రాయాలి. అందులో 'అందరం అజాగ్రత్తగా ఉన్నాం, ఇకపై బాధ్యతగా ఉందాం' అని రాస్తే వెనక్కి కొడతారు. ఏ మార్పు, ఏ రోజు, ఎవరి ఆమోదంతో లోపలికొచ్చింది, ఎక్కడ ఆగాల్సింది ఎందుకు ఆగలేదు, ఇవి కావాలి. ఎవర్నో తిట్టడానికి కాదు, మళ్లీ కూలకుండా ఉండటానికి. ఒక నగరం మునిగినప్పుడు మన సాహిత్యం ఈ మాత్రం ప్రశ్నలు కూడా అడగలేదు.

ఇంతకీ స్వార్థం వల్లే మునిగామన్న వాదన నిజమైతే, అదే వారం అదే ఊళ్లో జరిగిన ఇంకో సంగతిని ఎలా అర్థం చేసుకోవాలి? కృష్ణలంక, రాణిగారితోట నది ఒడ్డునే పెరిగిన పేటలు. కృష్ణకి పెద్ద వరదొచ్చినప్పుడల్లా వాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కేవాళ్లు. 2024లో కృష్ణ రికార్డు స్థాయిలో పారినా ఆ పేటలు చాలావరకు నిలబడ్డాయి. కారణం, వేర్వేరు ప్రభుత్వాల హయాంలో దశలవారీగా కట్టిన రిటైనింగ్ వాల్. గోడ ఎవరి ఘనత అని పార్టీలు కొట్టుకున్నాయి, అది వేరే కథ. కృష్ణలంక జనం సింగ్ నగర్ జనం కంటే నిస్వార్థపరులా? ఒక చోట ఉమ్మడి డబ్బుతో గోడ లేచింది, ఇంకో చోట గట్టు తెగింది. తేడా మనుషుల గుణంలో లేదు.

ఇక్కడ నాకు ఎదురుగా గురజాడని నిలబెడతారని తెలుసు. 'దేశభక్తి' గేయం మనందరికీ బడిలోనే వచ్చేసింది. ఆయన స్వలాభాన్ని మొత్తం వదులుకోమనలేదు, కొంత అన్నాడు. మన నీతివాక్యాల్లో ఈ 'కొంత' అనే మాటే కొట్టుకుపోయింది. కొంత అంటే ఎంత? ఎవరు కొలవాలి? నేను మానుకుంటే పక్కవాడూ మానుకుంటాడని హామీ ఏది? ఇవేవీ తేలకుండా త్యాగం చేయమంటే చేసేది మెతకవాడే. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేది గట్టివాడు.

ఆ 'కొంత'ని గీత గీసి మరీ చూపించిన సందర్భం మన డెల్టాలోనే ఉంది. బుడమేరు చివరికి చేరే కొల్లేట్లో 1999లో ప్లస్ 5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యమన్నారు. గీతకి ఇవతల మీ ఇష్టం, అవతల సరస్సుది. 2002లో రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గీత లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. మరి 2008లో ఏం జరిగింది? గీతని ప్లస్ 3కి కుదించమని మన శాసనసభే తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దంది. ఈలోగా చెరువులు మళ్లీ వచ్చాయి. 

ఈ కథలోనూ 'మనిషి అత్యాశ' అంటే ఏమీ అర్థం కాదు. లంక గ్రామాల మత్స్యకారులకి సొసైటీలు పెట్టించి చెరువులు చేయించింది 1970ల్లో ప్రభుత్వమే. తర్వాత అవి లీజుల మీద బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. గట్లు పేలినప్పుడు వలవేసుకుని బతికేవాడికి ఉన్న ఒక్క ఆధారం పోయింది. లీజుదారు రెండేళ్లు ఓపికపట్టి తిరిగొచ్చాడు. ఇద్దరిదీ స్వార్థమే. కానీ రెండూ ఒకటే అనేవాడికి లెక్కలైనా రావు, లేదా లెక్క చెప్పడం ఇష్టమైనా లేదు.

మనుషులు మారకుండా చట్టాలతో ఏం లాభం అని ఒక మిత్రుడు వాదిస్తాడు. గీత చెరిపింది కూడా మనం ఓట్లేసినవాళ్లే కదా అంటాడు. ఇందులో నిజముంది. కానీ మనుషులు మారేదాకా ఆగివుంటే ఈ డెల్టాయే ఉండేది కాదు. 1833 గుంటూరు కరువులో జనం పిట్టల్లా రాలిపోయాక, 1855 నాటికి కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. కంపెనీ దొరలు పుణ్యానికి కట్టలేదు, శిస్తు కోసం కట్టారు. ఆ స్వార్థం కాలువల్లో పారి మనకి అన్నం పెట్టింది. ఇవాళ్టికీ తూము పక్క రైతుకి తన చేను నిండితే చాలు, నాగాయలంక శివారు రైతు గుర్తుకురాడు. ఇద్దరి మధ్యా న్యాయం నడిచేది వంతు వల్ల, తూము తాళం పట్టుకున్న లస్కరు వల్ల. ఆ లస్కరు రిటైరైతే ఇంకొకర్ని వేయకుండా, ఎగువ రైతుకి పరోపకారం మీద ఉపన్యాసమిస్తే శివారు చేనుకి చుక్క అందదు. 

ఉమ్మడి మంచి అంటే నాకు ఇంతే. అందరికీ ఒకేలా వర్తించే గీత ఒకటి, దాన్ని కాపలా కాసే మనిషి ఒకడు, గీత వల్ల నష్టపోయిన పేదవాడికి న్యాయమైన పరిహారం. నా స్వార్థాన్ని చంపుకోమని అడక్కండి, చంపుకోలేను. అది గీత దాటినప్పుడు ఖరీదు నా దగ్గరే వసూలు చేయండి, పక్కవాడి దగ్గర కాదు.

రాసేవాళ్లకి నా విన్నపం ఒకటే. బుడమేరుకి మళ్లీ నీళ్లొస్తాయి, మళ్లీ కవితలొస్తాయి. ఈసారి 'మనం' అని రాసేముందు కాస్త ఆగండి. ఆ ప్లాటు అమ్మిందెవరు, అనుమతిచ్చిందెవరు, గట్టు బాగుచేయాల్సిందెవరు అని అడగండి. జవాబు 'వాడు' అయితే వాడు అనే రాయండి. 'వారు' అనాల్సినంత పెద్దవాళ్లయితే, మర్యాదగా వారు అనే రాయండి.