మన వివరాలు ఎవరి బీరువాలో?

గత పదేళ్లకు పైగా కాలంలో తెలంగాణలో ఒక పేద స్త్రీ తన వివరాలను ప్రభుత్వానికి ఎన్నిసార్లు రాసిచ్చిందో లెక్క వేసి చూడండి. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. కోటికి పైగా వచ్చాయి. 2024 నవంబర్‌లో ఇంటింటి కుల సర్వే మొదలైంది. ఇవి కాక రేషన్ కార్డు, ఆసరా పింఛను, కల్యాణలక్ష్మి, ఆరోగ్యశ్రీ ఉండనే ఉన్నాయి. ప్రతిచోటా ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అడుగుతారు. భర్త ఉన్నాడా, పోయాడా, వదిలేశాడా అని అడుగుతారు. 2017లో మొదలైన ఒంటరి మహిళల పింఛను కావాలంటే, తాను ఒంటరినని ఆమె పదిమంది ముందు రుజువు చేసుకోవాలి.

ఇన్ని అడిగిన ప్రభుత్వం మనకు ఒక్క విషయం చెప్పలేదు. ఈ వివరాలన్నీ ఎక్కడ ఉన్నాయి? ఎవరెవరు చూడగలరు? తప్పు జరిగితే జవాబు చెప్పేది ఎవరు?

‘క్లౌడ్‌లో ఉంటాయి’ అన్నది ఇప్పుడు వినపడుతున్న సమాధానం. క్లౌడ్ అనగానే ఆకాశంలో మబ్బు అనుకోనక్కర్లేదు. అది మన నేల మీదే, పెద్ద ప్రహరీ గోడల వెనక, రాత్రింబగళ్లు కరెంటు వాడుకుంటూ నడిచే కంప్యూటర్ల గోదాము. సొంతంగా కంప్యూటర్లు కొనుక్కోకుండా ఆ గోదాములో చోటు అద్దెకు తీసుకోవడమే క్లౌడ్. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ కథ ఇప్పుడు ఈ గోదాముల దాకా వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో డేటా సెంటర్లకు ప్రత్యేక విధానం ప్రకటించింది. అమెజాన్ 2020లో 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించి, 2022 నవంబర్‌లో హైదరాబాద్ కేంద్రాన్ని ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో తన ప్రకటన చేసింది. కేంద్ర ప్రభుత్వానికి ‘మేఘరాజ్’ అనే సొంత క్లౌడ్ కార్యక్రమం ఉంది. దాని కింద ప్రైవేటు కంపెనీలను తనిఖీ చేసి జాబితాలో చేరుస్తారు. ప్రభుత్వ శాఖలు ఆ జాబితా నుంచి చోటు అద్దెకు తీసుకోవచ్చు. డేటా దేశం దాటకూడదన్న షరతు కూడా ఉంది. ఇవి మంచి షరతులే, కాదనను. కానీ అవి ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య షరతులు. వివరాలిచ్చిన స్త్రీ ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు.

ఈ సందర్భంలో ఐరోపా అనుభవాన్ని మనం గమనించాలి. క్లౌడ్ వాడకాన్ని పెంచాలని ఐరోపా కమిషన్ 2012లో ఒక వ్యూహాన్ని ప్రకటించింది. అమెరికా ప్రభుత్వం ప్రపంచ ప్రజల సమాచారంపై నిఘా పెట్టిందని 2013లో స్నోడెన్ బయటపెట్టాడు. ప్రజలు నమ్మకపోతే క్లౌడ్ నడవదని అక్కడి ప్రభుత్వాలకు అర్థమైంది. 2014లో ‘నమ్మదగిన క్లౌడ్ ఐరోపా’ పేరుతో నివేదిక వచ్చింది. 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. సమాచారం బయటికి పొక్కితే 72 గంటల్లో పర్యవేక్షణ సంస్థకు చెప్పాలి. ప్రమాదం పెద్దదైతే ఆ మనిషికీ చెప్పాలి. నష్టపోయినవారికి పరిహారం అడిగే హక్కు ఉంది. 2020 జులైలో ఐరోపా న్యాయస్థానం, తమ ప్రజల సమాచారానికి అమెరికాలో తగిన రక్షణ లేదంటూ రెండు పక్షాల మధ్య ఉన్న ఒప్పందాన్నే కొట్టేసింది.

అక్కడంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రుల మీద ప్రభుత్వం మోసగాళ్లని ముద్ర వేసింది. వారిలో వలస వచ్చిన కుటుంబాలవాళ్లు చాలామంది ఉన్నారు. ఎన్నో సంసారాలు అప్పుల్లో కూరుకుపోయాయి. చివరికి 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేసింది. చట్టం ఉన్నచోట కూడా అన్యాయం జరుగుతుంది. కానీ అన్యాయం జరిగిందని నిరూపించడానికీ, ప్రభుత్వాన్ని నిలదీయడానికీ దారి ఉంటుంది. తేడా అక్కడుంది.

ఇక మన హైటెక్ సిటీలోకి రండి. ఐరోపా కంపెనీ తన పనిని గచ్చిబౌలికో మాదాపూర్‌కో పంపితే, ఆ చట్టపు షరతులు కాంట్రాక్టుతో పాటే వస్తాయి. ఒక జర్మన్ పెద్దావిడ బీమా కాగితాలు చూసే మన అమ్మాయి, ఏది తెరవచ్చో ఏది తెరవకూడదో శిక్షణ పొందాలి. చాలాచోట్ల ఫోన్ బయట పెట్టి లోపలికి వెళ్లాలి. తెరిచిన ప్రతి ఫైలుకూ లెక్క ఉంటుంది. అదే అమ్మాయి తల్లి వికారాబాద్‌లోనో మహబూబ్‌నగర్‌లోనో ఇచ్చిన పింఛను దరఖాస్తును ఎవరు టైపు చేశారో, ఎవరు చూశారో, ఎక్కడ దాచారో ఆ తల్లికి తెలియదు. నగరం అదే, చదువు అదే, నైపుణ్యం అదే. పరాయి దేశపు స్త్రీకి ఇచ్చే గౌరవం మన తల్లికి ఎందుకు ఇవ్వలేకపోతున్నాం? చేతకాక కాదు. ఇవ్వాలని ఎవరూ గట్టిగా షరతు పెట్టలేదు కాబట్టి.

దీని ఫలితాలు మనం చూశాం. 2024 జనవరిలో బాలానగర్ ఫ్లైఓవర్ మీద, ఒకతను బైకు మీద తీసుకెళ్తున్న ప్రజాపాలన దరఖాస్తులు రోడ్డున పడ్డాయి. కాగితాలు కాబట్టి దారినపోయేవాళ్ల కంట పడ్డాయి. కంప్యూటర్‌లోంచి జారిపోయేవి ఎవరి కంటా పడవు. 2019లో మాదాపూర్‌లోని ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రజల వివరాలు ఆ కంపెనీ చేతికి వచ్చాయని, వాటిని క్లౌడ్‌లో ఉంచారని ఆరోపణ. తమ దగ్గర్నుంచి ఏదీ పోలేదని ఆధార్ సంస్థ చెప్పింది. ఆరోపణను తెలుగుదేశం పార్టీ ఖండించింది. రెండు రాష్ట్రాల పాలక పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నారు తప్ప, ‘అమ్మా, నీ వివరాలు ఇందులో ఉన్నాయి’ అని ఏ స్త్రీకీ ఎవరూ చెప్పలేదు.

తెలంగాణ పోలీసుల హాక్ ఐ ఆప్ సంగతి మరీ బాధాకరం. ఆపదలో ఉన్న స్త్రీ మీట నొక్కితే పోలీసులకు తెలిసేలా చేసిన ఆప్ అది. దాన్ని వాడినవారి వివరాలను 2024లో ఒకతను దొంగిలించి 150 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. జూన్‌లో ఒక యువకుణ్ని గ్రేటర్ నోయిడాలో అరెస్టు చేశారు. రక్షణ కోరి నంబరు ఇచ్చిన ఆడవాళ్ల నంబర్లే అంగట్లోకి వెళ్లాయి.

పొక్కిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు, కలిపేయడం కూడా ప్రమాదమే. తెలంగాణలోని ‘సమగ్ర వేదిక’ రకరకాల శాఖల రికార్డులను జోడించి, ఎవరు అర్హులో ఎవరు కాదో చెప్పే ఏర్పాటు. రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు ఇంటికొచ్చి విచారించకుండానే రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ విచారించమని చెప్పాల్సి వచ్చింది. ‘పేదవాళ్లకు బియ్యం ముఖ్యం గాని ఈ గోప్యత గొడవలెందుకు’ అనేవాళ్లకు ఇదే నా జవాబు. కంప్యూటర్‌లో మన పేరు పక్కన ఎవరు ఏం రాశారో తెలియకపోతే బియ్యం కూడా రావు.

మా సంస్థకు వచ్చే స్త్రీల ఫైళ్లు ఒక ఇనుప బీరువాలో ఉంటాయి. తాళం చెవి ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఏ ఫైలు ఎవరిదో ఆమె అడిగితే చూపిస్తాం, వద్దంటే తీసేస్తాం. ఆ మధ్య ఒక కార్యాలయం వాళ్లు ఆ వివరాలన్నీ తమ పోర్టల్‌లో ఎక్కించమన్నారు. ఎవరు చూస్తారని అడిగాను. ‘క్లౌడ్ కదా మేడమ్, సేఫే’ అన్నారు. ఇల్లు వదిలి వచ్చిన స్త్రీ కొత్త చిరునామా ఆమె భర్త చేతిలో పడితే ఏమవుతుందో మాకు తెలుసు. అందుకే ‘సేఫే’ అన్న మాటను జవాబుగా ఒప్పుకోలేకపోయాను. కాగితాలకే తిరిగి వెళ్దామని కాదు. పింఛను నేరుగా ఖాతాలో పడడం వల్ల చాలామంది స్త్రీలకు దళారుల బాధ తగ్గింది. మన అభ్యంతరం యంత్రం మీద కాదు, జవాబుదారీ లేకపోవడం మీద.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. సంక్షేమ పథకాల కోసమైతే ప్రభుత్వం మన అనుమతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చు. తనకు కావాల్సిన సంస్థలను చట్టం నుంచే మినహాయించుకోవచ్చు. తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు గాని, ఆ సొమ్ము ఖజానాకే వెళ్తుంది. నష్టపోయిన స్త్రీకి ఒక్క రూపాయి రాదు. ఐటీ చట్టంలో పరిహారానికి ఆధారమైన 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తీసేస్తోంది. పైగా సమాచార హక్కు చట్టాన్ని సవరించి, ‘వ్యక్తిగతం’ అన్న పేరుతో అధికారులు సమాచారం నిరాకరించడానికి వీలు పెంచింది. మన వివరాలకు తలుపులు బార్లా తెరిచి, ప్రభుత్వ వివరాలకు గడియ పెట్టడం ఏం న్యాయం?

క్లౌడ్‌ను పెద్ద ఎత్తున అద్దెకు తీసుకునేది ప్రభుత్వమే కాబట్టి షరతు పెట్టగలిగేది కూడా ప్రభుత్వమే. మనం అడగాల్సినవి ఇవి. ప్రతి దరఖాస్తు మీద, వివరాలు ఎక్కడ ఉంటాయో, ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో తెలుగులో, ఉర్దూలో రాయాలి. క్లౌడ్ కంపెనీలతో చేసుకున్న ఒప్పందాలు ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఇంటికొచ్చి విచారించకుండా, ముందుగా నోటీసు ఇవ్వకుండా ఏ పేరూ తీసేయకూడదు. హింసకు గురైన స్త్రీల రికార్డులను ఇతర శాఖల రికార్డులతో కలపకూడదు. వివరాలు పొక్కితే ఆమెకే తెలియజేయాలి. ఫోన్ భర్త చేతిలో ఉండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి గనుక, మెసేజ్ పంపి చేతులు దులుపుకుంటే కుదరదు. నష్టపోయిన స్త్రీకి పరిహారం చట్టంలోనే ఉండాలి.

1992లో నెల్లూరు స్త్రీలు సారా పాటల లెక్క అడిగినప్పుడు, అవి ఆడవాళ్లకు అర్థంకాని ప్రభుత్వ వ్యవహారాలన్నారు. ఇప్పుడు క్లౌడ్ గురించీ అదే అంటారు. అర్థం కానిదేమీ లేదు. మన పేరు, మన చిరునామా, మన బతుకు ఎవరి దగ్గర ఉన్నాయన్నదే ప్రశ్న. ప్రతి మహిళా సంఘం తన మండల కార్యాలయానికి సమాచార హక్కు కింద ఈ ప్రశ్న వేసి, వచ్చిన జవాబును మాకు పంపాలని కోరుతున్నాను. జవాబు రాకపోయినా రాయండి. ఆ మౌనాన్ని కూడా వచ్చే సంచికలో అచ్చు వేద్దాం.