భవనం ముందొచ్చింది, రైలు వెనకబడింది

సూరత్ శివార్లలోని ఖాజోద్‌లో 2023 డిసెంబర్ 17న ప్రధాని మోదీ డైమండ్ బోర్స్‌ను ప్రారంభించారు. అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ కన్నా పెద్ద భవనమది. నాలుగు వేలకు పైగా ఆఫీసులున్నాయి. మొదట్లో వాటిలో తాళాలు తీసినవి కొద్దే.

ముంబై వ్యాపారుల వెనుకంజకు వజ్రాల మార్కెట్ మాంద్యం ఒక కారణం. సూరత్ వ్యాపారులకు మరో చిక్కుంది: దూరం. ఇక్కడి వజ్రాల బేరాలు దశాబ్దాలుగా వరాఛా, మహిధర్‌పురా వీధుల్లోనే సాగుతున్నాయి. దళారి జేబులో పొట్లం పెట్టుకుని నడుస్తూనే నాలుగు ఆఫీసులు తిరిగొస్తాడు. ఆ వెసులుబాటు వదిలి ఖాజోద్‌కు రావాలంటే ప్రయాణం తేలిక కావాలి.

సర్థానా నుంచి వరాఛా మీదుగా బోర్స్ ఉన్న డ్రీమ్ సిటీకి 21.6 కిలోమీటర్ల మెట్రో లైన్ ప్రణాళికలో ఉంది. 2021 జనవరిలోనే శంకుస్థాపన జరిగింది. బోర్స్ తెరిచేనాటికి పనులు పూర్తి కాలేదు. కార్లున్న యజమానికి ఇది ఇబ్బందే; రోజుకూలీ మీద బతికే సహాయకుడికి భారం.

అమరావతికి ఇందులో పాఠముంది. ఎర్రుపాలెం–నంబూరు మధ్య 57 కిలోమీటర్ల రైలు మార్గాన్ని కేంద్రం 2024 అక్టోబర్‌లో ఆమోదించింది. రాజధాని టవర్ల కన్నా ముందు ఆ పట్టాలు పడాలి. భవనం కట్టినంత మాత్రాన జనం రారు. దారి ఉంటేనే వస్తారు.