తామారును ఊరుకోమనకండి

దావీదు కుమార్తె తామారు బలాత్కారానికి గురై, తలమీద బూడిద పోసుకుని ఏడుస్తూ వెళ్తుంటే సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. తండ్రి కోపపడ్డాడు, అంతే (2 సమూ. 13). రెండేళ్లకు అబ్షాలోము పగ తీర్చుకున్నాడు. ఆ రెండేళ్లూ తామారు గోడు ఎవరు విన్నారో గ్రంథం చెప్పదు.

రాజాం సంఘాల్లోనూ తామారులున్నారు. దెబ్బలు మానినా తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతారు, నిద్రలో కేకలు వేస్తారు. మనమేమో దురాత్మ అనుకుని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడతాం. ఇది గాయపడిన మనసుకు వచ్చే జబ్బని అమెరికా మానసిక వైద్యులు 1980లోనే తమ పట్టికలో చేర్చారు. యుద్ధం చూసిన సైనికులకూ, ఇంట్లో హింస పడిన స్త్రీలకూ వచ్చేది ఒకటేనని జూడిత్ హెర్మన్ 1992లో పుస్తకమే రాశారు.

దీనికున్న చికిత్సల్లో బృంద చికిత్స ఒకటి. శిక్షణ పొందిన నిపుణురాలి ఎదుట కొద్దిమంది స్త్రీలు కూర్చుంటారు. మొదటిరోజే జరిగింది చెప్పమని ఎవరూ అడగరు. ముందు భయం తగ్గాలి. పక్కామె నోట తన బాధే విన్నప్పుడు, తప్పు తనది కాదని మెల్లగా తెలుస్తుంది. అక్కడి మాట గడప దాటదు.

మన స్త్రీల కూడికల్లో ఈ చివరిదే కష్టం. ప్రార్థన మనవి పేరుతో చెప్పిన కాపురం సంగతి ఆదివారానికల్లా ఊరంతా పాకుతుంది! అందుకే మన కూడికే చికిత్స అని మేమనం. వైద్యం నిపుణులు చేయాలి. 181కి ఫోన్ చేయడానికి, 2022 నుంచి మన జిల్లా కేంద్రమైన విజయనగరంలోని వన్ స్టాప్ సెంటర్‌కు వెళ్లడానికి ఆమెకు తోడు కావాలి. సర్దుకుపొమ్మని ఇంటికి పంపే పెద్దలు, సంఘ కానుకల్లోంచి బస్సు ఛార్జీ ఇచ్చి ఒక సోదరిని వెంట పంపాలని ఈ వారమే తీర్మానించవచ్చు.