ఈ వయసులో బొమ్మలేంటి అనకండి

రాత్రి భోజనాలయ్యాయి. మీ ఆయనో, ఉద్యోగం చేస్తున్న కొడుకో టేబుల్ లైటు కింద వంగి కూర్చుని, చిటికెన వేలంత ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మకి చొక్కా రంగు మారుస్తున్నాడనుకోండి. మీకేమనిపిస్తుంది? ‘ఈ వయసులో బొమ్మలేంటి’ అనేగా! నా దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వచ్చే ఒకావిడ కూడా ఈ మాటే అన్నారు. ‘‘సిగరెట్టు లేదు, మందు లేదు డాక్టరుగారూ. ఈ బొమ్మలున్నాయి’’ అన్నారు. నవ్వు వచ్చిన మాట నిజమే కానీ ఆవిడ గొంతులో విసుగు కూడా నిజమే. అత్తగారు పోయి ఏడాదయిందట. ఎనభై రెండేళ్ల మామగారు ఎవరితోనూ మాట్లాడరు. ఆయన పక్కన కాసేపు కూర్చోవాల్సిన కొడుకేమో తలుపేసుకుని రంగులద్దుతున్నాడు. ఆ ఫిర్యాదులో సగం న్యాయం ఉందనిపించింది. మిగతా సగంతో మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ఆ ఒప్పుకోని సగం సంగతి. ఈ బొమ్మలు నిన్న మొన్నటి పిచ్చి కాదు. ఇంగ్లండ్‌లో పీటర్ అడాల్ఫ్ అనే ఆయన 1947లో సబ్యూటియో అనే బల్ల మీది ఫుట్‌బాల్ ఆటను అమ్మకానికి తెచ్చాడు. బొమ్మను వేలితో చిమ్మితే అది బంతిని తగిలి గోల్ వైపు పంపుతుంది. అడుగున బరువు ఉంటుంది కాబట్టి పడినా మన తంజావూరు బొమ్మలా మళ్లీ నిలబడుతుంది. పక్షులంటే ప్రాణమిచ్చే అడాల్ఫ్, తన ఆటకు ‘హాబీ’ అని పేరు పెట్టాలనుకున్నాడు. ఇంగ్లిషులో అది ఒక డేగ పేరు కూడా. ఆ పేరు రిజిస్టరు చేయడానికి ఒప్పుకోకపోతే, అదే డేగ శాస్త్రీయ నామంలోని రెండో ముక్క తీసి పెట్టుకున్నాడు. హాబీకి హాబీ అన్న పేరు దక్కలేదన్నమాట! మొదట్లో అవి అట్టముక్క బొమ్మలు. తర్వాత ప్లాస్టిక్ బొమ్మలొచ్చాయి. వాటికి చాలాకాలం చుట్టుపక్కల ఊళ్లలో గృహిణులు ఇంట్లోనే కూర్చుని చేత్తో రంగులు వేసేవారు. కొన్నవాళ్లూ ఊరుకోలేదు. తమ అభిమాన జట్టు పెట్టె దొరక్కపోతే, ఉన్న జట్టుకే రంగు మార్చేసుకున్నారు. అక్కడి నుంచే ఈ అలవాటు పెరిగింది.

ఇక్కడ కొనడం వేరు, చేసుకోవడం వేరు. ఈ తేడా ఇంట్లోవాళ్లు గమనించాలి. లోపల ఏ ఆటగాడున్నాడో తెలియని మూసిన పొట్లాలు కొంటూ, ‘ఈసారైనా వాడు వస్తాడేమో’ అని మళ్లీ కొనడం లాటరీ టికెట్టుకు అన్నదమ్ముడే. పొట్లం విప్పేవరకే ఆ ఉద్వేగం. ఆ తర్వాత బొమ్మ షెల్ఫ్‌లోకి, బిల్లు క్రెడిట్ కార్డులోకి. కొన్నది దాచడం, ధర తగ్గించి చెప్పడం, ఇంకొకటి కొంటే తప్ప మనసు నిలవకపోవడం... ఇవి కనిపిస్తే అది సరదా దాటిపోయిందనే నా లెక్క. అప్పుడు మాట్లాడాల్సింది డబ్బు గురించి. బొమ్మల గురించి కాదు.

రంగు వేయడం అలా కాదు. అంగుళం ఎత్తు కూడా లేని ఒంటి మీద కాలరు గీత గీయాలంటే ఊపిరి నెమ్మదించాలి, చెయ్యి నిలవాలి. ఫోను చూస్తూ చేసే పని కాదు. ఒక పూత ఆరేదాకా రెండో పూత వేయకూడదు. రోజంతా మీటింగుల్లో నలిగిన బుర్రకు ఇలాంటి ఒక్క పని, తొందరపెట్టని పని, ఎంత విశ్రాంతో చేసినవాళ్లకే తెలుస్తుంది. ముగ్గు పెట్టేవాళ్లకీ, మగ్గం వర్కు చేసేవాళ్లకీ వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్లు చేస్తే పనితనం, మగవాళ్లు చేస్తే పిల్లచేష్ట ఎలా అవుతుంది చెప్పండి?

ఇక న్యాయమైన సగం. ఆ గది తలుపు, కిటికీ మూసి ఏసీ వేసుకుని కూర్చుంటాడట ఆయన. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలి తేదు. ఎనామిల్ రంగులు, వాటిని పలచన చేసే థిన్నర్ల ఆవిరికి తలనొప్పి, కళ్లు తిరగడం, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపలేదు. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులకు మారమనండి. కిటికీ తెరిచి, గాలి బయటికి పోయేలా ఫ్యాను పెట్టమనండి. బ్రష్షు మొనను నాలుకతో తడిపే అలవాటు చాలామందికి ఉంటుంది. ఏ రంగయినా సరే, అది మానాలి. త్రీడీ ప్రింటరుతో బొమ్మలు చేసుకునేవాళ్లు ఇంకా గట్టిపడని రెజిన్‌ను వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఒకసారి చర్మానికి దాని అలర్జీ పట్టుకుంటే మళ్లీ మళ్లీ వేధిస్తుంది. ఎండిన రెజిన్‌నైనా తడిపి అరగదీయాలి. పొడి లేవదు.

సూపర్ గ్లూతో వేళ్లు అంటుకుంటే లాగకండి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉంచి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే నీళ్లతో కడిగి, రెప్పల్ని బలవంతంగా తెరవకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేవి బొమ్మలు నిలబడటానికి అడుగున అతికించే చిన్న అయస్కాంతాలు. పప్పుగింజంతే ఉంటాయి కానీ మహా గట్టివి. పాకే పిల్లలు రెండు మింగితే, పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగు గోడను నొక్కేస్తాయి. చిల్లు పడవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, ‘రేపటికి విరేచనంలో వచ్చేస్తుందిలే’ అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మనవలో, పక్కింటి పిల్లలో తిరిగే ఇంట్లో ఈ సామానంతా తాళం వేసిన డబ్బాలోనే ఉండాలి. పాతకాలపు సీసం బొమ్మలు, పాత రంగులున్న బొమ్మలు సేకరించేవాళ్లు వాటిని గీకొద్దు, పిల్లల చేతికివ్వొద్దు. సీసం పిల్లల మెదడుకు చేటు.

నలభై దాటాక చత్వారం వస్తుంది. కళ్లజోడు పెట్టుకోవడానికి నామోషీపడి, బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుంటే మెడనొప్పి ఖాయం. మోచేతులు బల్లకు ఆనించి, బొమ్మనే కంటి ఎత్తుకు తెచ్చుకోవాలి. అరగంటకోసారి లేచి దూరంగా చూడాలి. రాత్రి పదకొండు దాటితే బ్రష్షు కడిగేయాలి. నిద్ర పోగొట్టుకుని పొందే ప్రశాంతత ఏం ప్రశాంతత? బడిపిల్లలైతే ఇంకో మాట. రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో తిరగనిచ్చాకే ఈ దగ్గరి చూపు పని. ఆటగాడి బొమ్మకు రంగేసే పిల్లాడు అసలు బంతే తన్నకపోతే ఏం బాగుంటుంది?

ఇవన్నీ చెప్పి, ఆవిడను ఒకటడిగాను. ‘‘ఇంతకీ ఆయన ఏ జట్టు చేస్తున్నారు?’’ అని. ఆవిడకు తెలీదు. తర్వాతి నెల భర్తను వెంటబెట్టుకొచ్చారు. అర్జెంటీనానో బ్రెజిలో అనుకున్నాను. కాదు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన మన జట్టు! కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును గెలిపించి, మరుసటేడు జూన్‌లో కన్నుమూశారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోవాళ్లే. అలాంటి జట్టు కావాలంటే ఏదో విదేశీ జట్టు బొమ్మలు కొని రంగు గీకి, మన ఒంటిఛాయలు కలుపుకుని చేసుకోవాల్సిందే. జర్నైల్ సింగ్ తలమీది సిగ కోసం పుట్టీతో ఆవగింజంత ముద్ద పెట్టాలి. 1948 లండన్ ఒలింపిక్స్ జట్టు చేస్తే మాత్రం ఒక పని తగ్గుతుందన్నాడాయన. అప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతోనే ఆడారు, బూట్లకు రంగక్కర్లేదు!

సికింద్రాబాద్‌లో పెరిగిన ఆ మామగారు, చిన్నప్పుడు హైదరాబాద్ పోలీసు జట్టు ఆటలు చూసినవారే. ‘‘మరి ఆయన్ని అడగలేదా?’’ అన్నాను. ‘‘నాన్న ఏమీ మాట్లాడట్లేదు కదండీ’’ అన్నాడు కొడుకు. నేను చెప్పింది ఒక్కటే. బల్లను హాల్లో కిటికీ పక్కకు మార్చండి, ఇంకో కుర్చీ వేయండి, ఏమీ అడగకండి.

రంగులద్దడం మతిమరుపుకు మందనీ, దిగులు పోగొడుతుందనీ నేను చెప్పను. వృద్ధుల్లో నెలల తరబడి మాట తగ్గితే, తిండి, నిద్ర తగ్గితే పరీక్ష చేయించాలి. ఈయనకూ చేయించాం, మందులు మొదలుపెట్టాం. కానీ మందు వేసుకున్నాక కూడా మనిషికి కూర్చోవడానికో చోటు కావాలి కదా. మూడో వారం కొడుకు జర్నైల్‌ను వెనక వరసలో పెడుతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారట. ‘‘తలకి కుట్లున్నా ఫైనల్లో ముందుకు పంపాడ్రా రహీం సాబ్. రెండో గోలు వాడిదే’’ అన్నారట. అంతే. మళ్లీ ఆ రోజు మాట్లాడలేదు.

మొన్న ఆవిడ మళ్లీ బీపీ చూపించుకోవడానికి వచ్చారు. ఇంకా నలుగురు ఆటగాళ్లు మిగిలారట. ఆనాటి ఫొటోలన్నీ నలుపు తెలుపే కాబట్టి చొక్కా నీలం ఏ ఛాయదో తండ్రీకొడుకులకు ఇంకా కుదరలేదట. ‘‘హాలంతా ఆక్రమించేశారండీ’’ అన్నారు. బీపీ నూట ముప్పై బై ఎనభై నాలుగు ఉంది. ఉప్పు కాస్త తగ్గించమన్నాను.