ఒక్క ధాతువు – ఆరు రూపములు

మా అక్కగారి కుమార్తె భర్తయొక్క యుద్యోగమువలన రెండేండ్లనుండి స్పెయిను దేశపు రాజధానియగు మాడ్రిడ్డులో నున్నది. గతమాసమున నామె ఫోనులో మాతో మాటలాడుచు నిట్లు చెప్పినది: “పిన్నీ, పిల్లవానికి జ్వరము వచ్చినదని వైద్యురాలియొద్దకు బోయితిమి. ఆమె నన్నే చూచి యేదో యడిగినది. నేను మావారి మొగము చూచితిని. ఆయన ‘నో ఆబ్లా ఎస్పాన్యోల్’ అనిరి. ఈమె స్పానిష్ మాటలాడదని దాని యర్థము. ఆ యొక్క వాక్యము మాత్రము నాకు తెలిసినది.” పిమ్మట నామె గొంతు పెగలలేదు.

ఆ రాత్రియే మావారిచే నొక స్పానిష్ వ్యాకరణమును తెప్పింపవలెనని నిశ్చయించుకొంటిమి. పొరుగింటివారు “ఈ వయస్సున మీకిది యేమి యుపయోగము?” అనిరి. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నెబ్రిహా అను పండితుడు 1492వ సంవత్సరమున స్పానిష్ భాషకు వ్యాకరణమును రచించెను. దాని మచ్చును సలమాంకా పట్టణమున జూచినప్పుడు ఇసబెల్లా రాణియు దీనివలన నేమి ప్రయోజనమని యడిగినదట. జయింపబడు జాతులకు రాణిగారి శాసనములతోబాటు భాషయు నవసరమగునని ఆవిలా బిషప్పు బదులు చెప్పెనని యా పండితుడే తన పీఠికలో వ్రాసికొన్నాడు. మాకు జయింపవలసిన రాజ్యములు లేవు. ఒక తల్లి తన బిడ్డ జ్వరమును తన నోటితో జెప్పుకొనుటకే మాకీ వ్యాకరణము కావలసి వచ్చినది.

పుస్తకము తెరచి చూడగా మా భయము చాలవరకు తొలగినది. స్పానిష్ క్రియలన్నియు ‘ఆర్, ఎర్, ఇర్’ అను మూడు తుదులలో నొకదానితో ముగియును. మాటలాడుట ‘ఆబ్లార్’. వ్రాతలో దానిముందు హకారమున్నను పలుకరాదు. తుదనున్న ‘ఆర్’ తీసివేసి ప్రత్యయములను జేర్చిన వర్తమానరూపములు సిద్ధించును:

ఆబ్లో – నేను మాటలాడుదును
ఆబ్లాస్ – నీవు మాటలాడుదువు
ఆబ్లా – అతడు, ఆమె మాటలాడును
ఆబ్లామోస్ – మేము, మనము మాటలాడుదుము
ఆబ్లాయిస్ – మీరు మాటలాడుదురు
ఆబ్లాన్ – వారు మాటలాడుదురు

నాలుగవ, అయిదవ రూపములలో రెండవ యక్షరమును నొక్కి పలుకవలెను, తక్కినవానిలో మొదటిదానిని. ‘మాటలాడుచున్నాను’ అనుటకును ‘ఆబ్లో’ యే చెల్లును.

తెలుగు స్త్రీకి ఇందులో వింత యేమున్నది? ‘వచ్చెదను’ అన్నచో ‘నేను’ అని వేరుగా జెప్పనక్కరలేదు గదా! తుదిప్రత్యయమే కర్తను దెలుపుచున్నది. స్పానిష్ భాషయు నట్టిదే. ‘నేను’ అనుటకు ‘యో’ అను పదమున్నను, నొక్కి చెప్పవలసినప్పుడు తప్ప దానిని వాడరు. ‘అతడు వచ్చుచున్నాడు, ఆమె వచ్చుచున్నది’ యని మనము క్రియలో స్త్రీపురుష భేదము చూపుదుము. వారికా భేదము లేదు. మన ‘వచ్చును’ వలె ‘ఆబ్లా’ యిరువురకు నొక్కటియే.

మర్యాద విషయమున నొక్క మెలకువ కావలెను. ‘నీవు’ అనుటకు ‘తూ’, పెద్దలను గౌరవించి పిలుచుటకు ‘ఉస్తెద్’. ఈ ‘ఉస్తెద్’ ‘తమ దయ’ యను నర్థముగల పాతపలుకుబడి కుదించుకొనిపోగా నేర్పడినది. కావుననే దానితో ‘ఆబ్లాస్’ అనరాదు, ‘ఆబ్లా’ యనవలెను. మన పెద్దలు ఎదుటనున్న ప్రభువునే ‘ఏలినవారు’ అని వేరొకరినిగా బేర్కొనుట యిట్టిదే. మెక్సికో మొదలగు అమెరికా దేశములలో ‘ఆబ్లాయిస్’ వాడుకలో లేదు. ఎందరినైనను ‘ఆబ్లాన్’ అనియే పలుకరింతురు.

‘ఎర్’ తుదిగల ‘కోమేర్’ అనగా తినుట. దాని రూపములు: కోమో, కోమెస్, కోమె, కోమేమోస్, కోమేయిస్, కోమెన్. కాదనుటకు మనవలె క్రియారూపమును మార్చనక్కరలేదు. ముందు ‘నో’ చేర్చిన జాలును. ‘ఎల్ నీన్యో నో కోమె’ – పిల్లవాడు తినుటలేదు. ఈ వాక్యమునే మేము మొట్టమొదట మా బిడ్డకు ఫోనులో జెప్పి పదిసారులు పలికించితిమి.

మన సంస్కృత వ్యాకరణములలో ‘అతడు’ ప్రథమపురుష, ‘నేను’ ఉత్తమపురుష. పిల్లలు ధాతురూపములను వల్లించునప్పుడు ‘అతడు’తో మొదలిడి, తుదకు ‘నేను’ వద్దకు వత్తురు. స్పానిష్ వారు ‘నేను’తోనే మొదలిడుదురు. రెండేండ్లు పరులనోట ‘నో ఆబ్లా’ యనిపించుకొన్న మా బిడ్డకు కావలసినది ఈ మొదటి రూపమే యని మాకు తోచినది.

మొన్న నామె మరల ఫోను చేసినది. పిల్లవానికి మరల జ్వరము తగిలి వైద్యురాలియొద్దకు బోయిరట. భర్త నోరు తెరచునంతలో తానే ‘ఎల్ నీన్యో నో కోమె’ అన్నదట. వైద్యురాలు నెమ్మదిగా మాటలాడుచు, ఈసారి తల్లినే చూచి మందు వివరము చెప్పినదట. సగమే యర్థమైనదట. తక్కిన సగము భర్తను జూచి కాక, వైద్యురాలినే మరల నడిగి తెలిసికొన్నదట.

సోదరీమణులారా! మీ బిడ్డలును ఏ దూరదేశముననో యుండవచ్చును. కొనుట ‘కొంప్రార్’. ఇదియు ‘ఆబ్లార్’ వంటిదే. దాని యారు రూపములను మీరే కట్టి, ‘నేను కొనుటలేదు’ అనునది యెట్లో వ్రాసి చూచుకొనుడు. వచ్చుమాసమున సరిచూచుకొందము.