ఫోటో కోసం కాలెక్కడ పెడుతున్నాం?

కిందటి జనవరిలో మేం నలుగురం అండమాన్ వెళ్ళాం. హావ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా, అక్కడ జనం నోట ఇంకా పాత పేరే. పడవ దిగగానే ఒకటే ప్రశ్న, "ఫోటోలు కావాలా మేడమ్?" వెంట ఉండి నీటి పైనా, నీటి లోపలా ఫోటోలు తీసిపెట్టే గైడ్లన్నమాట.

చేతిలో ఫోన్లుండగా దండగ ఖర్చేగా అనుకున్నాను. కానీ మా ఇంటి ఆల్బమ్ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ ప్రయాణాల్లో నేనున్న ఫోటోలు ఎన్ని? తీసేది నేనే అయితే ఎలా ఉంటాను! మీ ఇళ్ళల్లోనూ ఇంతేనేమో. సరే, ఒకతన్ని మాట్లాడుకున్నాం.

సాయంత్రం రాధానగర్ బీచ్‌లో కుంగే సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి మమ్మల్ని నల్లటి నీడబొమ్మల్లా తీశాడు. మర్నాడు ఎలిఫెంట్ బీచ్. ఈత రాని నాకు లైఫ్ జాకెట్, మాస్కు తగిలించి, ట్యూబు పట్టుకోమని నెమ్మదిగా లాక్కెళ్ళాడు. తల ముంచితే కింద ఇంకో లోకం!

ఇంతలో మా అమ్మాయి పక్కవాళ్ళని చూసి, "నేనూ అలా రాయి మీద నిలబడతాను, తీయండి" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. "అది రాయి కాదు, ప్రాణం ఉన్నది" అన్నాడు. పిల్ల మూతి ముడుచుకుంది. డబ్బులిచ్చాం కదా అని నాకూ చిరాకేసింది.

గదికొచ్చాక ఆలోచిస్తే అతనే రైటు. మనం మెళ్ళో వేసుకునే పగడమైనా, ఆ దిబ్బలైనా చిన్న చిన్న ప్రాణులు కట్టుకున్న గూళ్ళే. ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగనివి ఎన్నో. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడిపోయాయి. దానికి తోడు మన కాళ్ళు కూడానా? వాకిట్లో ముగ్గు తొక్కితేనే ఊరుకోం మనం. ముగ్గయితే రేపు మళ్ళీ వేసుకుంటాం, ఇది అలా కాదే!

అందుకే నా మాట ఇది. "ఎన్ని ఫోటోలిస్తావు?" అని బేరమాడే ముందు, "పగడాల మీద కాలు పెట్టనిస్తావా?" అని అడగండి. నవ్వి "పర్లేదు మేడమ్" అన్నవాణ్ణి వదిలేయండి. వద్దన్నవాడికి ఓ వంద ఎక్కువిచ్చినా నష్టం లేదు. పిల్లలు అలిగితే అలగనివ్వండి, ఆ అలక రాత్రి భోజనం దాకా ఉంటే గొప్ప.

మా హాల్లో ఇప్పుడు ఆ ఫోటో ఉంది. ట్యూబు పట్టుకుని తేలుతున్న నేను, పక్కన ఇంకా మూతి ముడుచుకునే ఉన్న మా అమ్మాయి. ఇద్దరి కాళ్ళూ నీళ్ళలోనే ఉన్నాయి, దేన్నీ తొక్కకుండా.